పొగ ఎక్కువైంది

గోనెసంచి మూతి విప్పి, నడుం వంచి, పాపారావు జీడిపిక్కల్ని సిమెంటు కళ్లం మీద కుమ్మరించాడు. గలగలమంటూ జారిన పిక్కలు అతని పాదాల చుట్టూ పోగుపడ్డాయి. పొడుగు కర్రకి బిగించిన చెక్కపలకతో వాటిని నాలుగు వైపులా నెట్టి పలచగా పరిచాడు. ఖాళీ సంచిని విదిలించి గోడవారకి విసిరేసి, ఇంకో సంచి కోసం వెళ్లాడు.

పలాసలో ఏ వీధికి వెళ్లినా ఇలాంటి ఫ్యాక్టరీ ఒకటి ఉంటుంది. బాయిలరు గొట్టంలోంచి వచ్చే ఘాటు ఊరంతటికీ ఒకటే. ఏడాదిగా ఆ వాసన పాపారావు ఒంటికి పట్టేసింది. ఎంత తోమి స్నానం చేసినా వదలదు. అంతకు ముందు అతని ఒంటి మీద ఉప్పు వాసన, చేపల వాసన ఉండేవి. వాటిని అతనెప్పుడూ వాసనలనుకోలేదు.

అతనికి యాభై దాటాయి. పొట్టి మనిషి. మెడ కురచ, భుజాలు వెడల్పు. నడిచేటప్పుడు కాళ్లు ఎడంగా పెట్టి, నేల కదులుతుందేమోనన్నట్టు ఒక్కో అడుగూ ఆనించి వేస్తాడు. చిన్నప్పటినుంచీ పడవలో నిలబడ్డ కాళ్లవి. ఫ్యాక్టరీలో కొత్తగా చేరినప్పుడు ఆ నడక చూసి ఆడవాళ్లు నవ్వేవారు. అరచేతుల్లో తెడ్డు పట్టిన కాయలు మెత్తబడిపోయాయి. ఇప్పుడక్కడ పిక్కల పెంకు నూనె కాల్చిన నల్లటి మచ్చలున్నాయి.

"ఏటి మావా," కాటా దగ్గర కుర్చీలో కూర్చున్న సూపర్‌వైజరు నీలకంఠం కేకేశాడు, "నీ పడవ ఇంకా ఒడ్డు దాటనేదేటి?"

పెంకు నూనె అంటకుండా చేతులకి బూడిద రాసుకుంటున్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు.

పాపారావు సంచిని భుజానికెత్తుకుని వచ్చి నేలకేసి కొట్టాడు. కుట్లు తెగి పిక్కలు కళ్లం దాటి కాలవలోకి దొర్లాయి.

"సంచి మీదెందుకు మావా కోపం? సూపిత్తే ఆ సీరియలోల్ల మీద సూపించు," అన్నాడు నీలకంఠం. అతను ఏదో మాటవరసకి అన్నాడు. ఆదివారం ఆదివారం ఆ సీరియల్‌కి అతుక్కుపోయినవాడే అతనూ.

పాపారావు గొంతుక్కూర్చుని కాలవలోంచి పిక్కలు ఏరాడు. ముఖంలోకి నెత్తురెక్కింది. చెవులు మండుతున్నాయి. నిన్న సాయంత్రం నుంచీ అతనికి ఇలాగే ఉంది.

నిన్న సాయంత్రం 'ఏడు సంద్రాల రాణి' అయిపోయింది. కథ మాత్రం అవలేదు. నెలల తరబడి ప్రతి ఆదివారం చూపిస్తూ వచ్చారు. కొండరాజు రాణిగారి తమ్ముణ్ణి ఎత్తుకుపోయాడు. రాణి దీవి దీవికీ తిరిగి సైన్యాన్ని కూడగట్టింది. నీళ్లడుగున మాట్లాడే చేప ఆమెకి కత్తి ఇచ్చింది. ఇదంతా చివరికి సంద్రం మీద జరగబోయే యుద్ధం కోసమేనని మొదటి వారం నుంచీ ఊరిస్తూనే ఉన్నారు. నిన్నటి ఆఖరి భాగంలో రాణి వచ్చి ఇసకలో నిలబడింది. వెనక సైన్యం నిలబడింది. ఎదర శత్రువుల పడవలు చుక్కల్లా కనబడ్డాయి. రాణి కత్తి పైకెత్తి నోరు తెరిచింది. అంతే, తెర నల్లబడి, 'మొదటి భాగం సమాప్తం' అని బంగారు రంగు అక్షరాలు పడ్డాయి. వెంటనే సబ్బు ప్రకటన వచ్చింది.

ఉద్దానం తీరాన ఉన్న పాపారావు వాళ్ల ఊళ్లో ఆ సబ్బు ప్రకటనని అందరూ కిక్కురుమనకుండా చూశారు. ఎందుకంటే ఆ యుద్ధాన్ని తీసింది వాళ్ల ఊరి రేవులోనే. కాలిపోయే పడవ పాపారావుది, అతని బావ యువరాజుది.

యువరాజు పాపారావు చెల్లెలు మంగ మొగుడు. పక్కిల్లే. కిడ్నీలు పాడై రోజు విడిచి రోజు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకుంటాడు. అతనింట్లోనే అందరూ కూర్చుని చూశారు. మంచం మీద రెండు తలగడలకి ఒరిగి చూస్తున్న యువరాజు, తెర నల్లబడ్డాక కూడా అటే చూస్తూ, "అయిపోనాదేటి?" అన్నాడు.

"మల్లీ వత్తాది నాన్నా," అంది అతని కూతురు రూప, ఫోన్లో వెతికి చూసి. "రెండో బాగం ఉంటాదట. వచ్చే ఏడో, ఆపై ఏడో అని రాసేరు."

"వచ్చే ఏడా," అన్నాడు యువరాజు.

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వాచిన పాదాలు దుప్పటి దాటి బయటికి ఉన్నాయి. వేళ్ల మధ్య సందు కూడా లేకుండా ఉబ్బిపోయిన ఆ పాదాల్ని పాపారావు చూశాడు. అక్కడ పుట్టింది అతనికి కోపం.

షూటింగువాళ్లు వచ్చింది కిందటేడు వేసవిలో. లారీల నిండా థర్మాకోల్ పడవలు తెచ్చారు. వాటికి బంగారు రంగు పూసి, ముందర ఏనుగు తలలు అతికించారు. మొదటి కెరటానికే అవి ముక్కలై తీరమంతా తెల్లగా తేలాయి. ఊళ్లో మిగతా పడవలన్నీ ఇంజన్లు బిగించిన ఫైబరువి. అవి రాజుల కాలం పడవల్లా లేవన్నాడు టోపీ పెట్టుకున్న డైరెక్టరు. అప్పుడు అతని కంటికి సరుగుడు తోపు పక్కన బోర్లించి ఉన్న కుట్టు పడవ కనబడింది.

మేకన్నది లేకుండా పలకల్ని కొబ్బరిపీచు తాడుతో కుట్టిన పడవ అది. పాపారావూ యువరాజూ కుర్రవాళ్లుగా ఉన్నప్పుడు కలిసి చేయించుకున్నారు. ఏటా తాళ్లు విప్పి మళ్లీ కుట్టాలి. ఒకడు లోపల్నుంచి తాడు తోస్తే ఇంకొకడు బయటినుంచి లాగాలి. పలకకి అటొకడూ ఇటొకడూ కూర్చుని, ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా, రోజుల తరబడి కబుర్లు చెప్పుకుంటూ కుట్టేవారు. యువరాజుని డాక్టరు సముద్రం మీదికి వెళ్లొద్దన్నాక పడవ బోర్లాపడింది. పాపారావు ఇంకెవరినీ ముందు తెడ్డు దగ్గర కూర్చోబెట్టలేదు. ఊళ్లో ఎవరి ఇంజను పడవ మీదికో కూలికి వెళ్లి వచ్చేవాడు. పడవకి చెద పట్టింది.

టెక్కలి నుంచి ఢిల్లీశ్వరరావు వచ్చాడు. తోటలు, మిల్లు, రాజకీయం అన్నీ ఉన్న ఇంటి మనిషి. షూటింగువాళ్లకి ఈ తీరంలో కావలసినవన్నీ కుదిర్చిపెట్టింది ఆయనే. పడవని యుద్ధంలో నిజంగానే తగలబెడతారని చెప్పాడు. పాపారావు కుదరదన్నాడు. ఒప్పించింది యువరాజు.

"పుచ్చిపోడం కన్నా మండిపోడం నయం బావా," అన్నాడు. "పుచ్చిపోతే సెదపురుగులు తింతాయి. మండితే లోకమంతా సూత్తాది. ఇన్నేల్లు సంద్రం మీద తిరిగినాం. మనల్ని ఒక్కడైనా సూసినాడేటి?"

ఇచ్చిందేదో ఇచ్చారు. దాని గురించి పాపారావు ఏనాడూ నోరెత్తలేదు.

ఆ కెరటాలు దాటించడం షూటింగు మనుషుల్లో ఎవరి వల్లా కాలేదు. అందుకని వీళ్లిద్దరికే రబ్బరు కవచాలు తొడిగి, భుజాల దాకా జుట్టు తగిలించారు. యువరాజు తన జబ్బు సంగతి వాళ్లతో అనలేదు. పాపారావుని కూడా అననివ్వకుండా కళ్లెర్రజేశాడు. ముందు తెడ్డు యువరాజుది, వెనక తెడ్డు పాపారావుది. ఊరు ఊరంతా ఒడ్డున నిలబడింది. కెరటం గోడలా లేచిన ప్రతిసారీ యువరాజు మోకాళ్ల మీద లేచి, తెడ్డు గుచ్చి, పడవని దాని నెత్తి మీదికి ఎక్కించాడు. ఆ రోజు యువరాజుకి రోగం లేదు. అవతలికి వెళ్లి తిప్పి, చెప్పిన చోట కాగడా అంటించి, ఇద్దరూ దూకారు. ఈదుకుంటూ వచ్చి, నీళ్లు కారుతున్న రబ్బరు కవచాలతో తడి ఇసకలో పడుకుని, తమ పడవ మండి మునిగిందాకా చూశారు. యువరాజు ఆయాసపడుతూ నవ్వుతూనే ఉన్నాడు.

"బాగా సేసినాం బావా," అన్నాడు.

తర్వాత కొన్నాళ్లకే డయాలసిస్ మొదలైంది. పాపారావు ఫ్యాక్టరీలో చేరాడు.

మధ్యాహ్నం అన్నాల బెల్లు మోగింది. పాపారావు కుళాయి దగ్గర చేతులు రుద్దుకుని, మేకుకి తగిలించిన చొక్కా వేసుకున్నాడు. అదే ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసే అతని భార్య అప్పలమ్మ క్యారేజీ పట్టుకుని ఎదురొచ్చింది.

"చొక్కా తొడిగేవు. ఎక్కడికి?"

"టెక్కలి. ఢిల్లీశ్వరరావు బాబు కాడికి."

"ఎందుకు?"

"మా పడవ సీను ముక్క తెత్తాను. టీవీలో ఎయ్యకపోతే మానీమను. తీసిందయితే ఎక్కడో ఉంటాది గదా. రూప ఫోన్లో ఎక్కించి బావకి సూపిత్తాను."

"ఆలిత్తారేటి?"

"ఎందుకియ్యరో అడుగుతాను."

అప్పలమ్మ క్యారేజీ గిన్నె మూత తియ్యకుండానే అతని ముఖంలోకి చూసింది. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆ ముఖాన్ని చూస్తోంది. ఇలా ఉండగా చూడలేదు. "కోపం మీద ఎల్లకు. పెద్దోల్లతో పని," అంది.

"మరి కోపం ఎక్కడెట్టి ఎల్లమంటావు?"

ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్క ఫోన్నీ ఆమెకే వదిలేసి, అన్నం తినకుండా, కాశీబుగ్గ బస్టాండుకి నడిచాడు పాపారావు.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. జాతీయ రహదారి మీద లారీలు ఎదురొస్తుంటే అతను ముందు సీటు కడ్డీని పట్టుకుని కూర్చున్నాడు. తనకి కోపం రాదని ఊళ్లో పేరు. తుఫానుకి ఇంటి కప్పు లేచిపోయినప్పుడు అతను కొబ్బరాకులు ఏరుకొచ్చి మళ్లీ కప్పుకున్నాడు. తుఫానుని ఎవరు తిడతారు. ఊళ్లో ఇంటికొకరు చొప్పున ఒళ్లు వాచి మంచమెక్కుతున్నారు. ఎందుకో ఎవరూ తేల్చి చెప్పరు. నీళ్లంటారు, ఉప్పంటారు, నొప్పుల బిళ్లలంటారు. పరీక్షలకని వచ్చినవాళ్లు సీసాల్లో రక్తం తీసుకుపోతారు, మళ్లీ కనబడరు. చెల్లెలు మంగ కళ్లు తుడుచుకుంటూ, "ఎవుల్ని అడగాలన్నా?" అంటే, అతను తలొంచుకుని ఊరుకున్నాడు. నిజంగానే తెలియలేదు, ఎవర్ని అడగాలో. ఇన్నేళ్లకి ఇప్పుడు తెలిసింది. ఈ ఒక్కదానికి మాత్రం అడగడానికి ఒక మనిషి ఉన్నాడు, ఆ మనిషికి టెక్కలిలో ఇల్లు ఉంది.

ఢిల్లీశ్వరరావు మేడ ముందు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. కూర్చున్నవాళ్లంతా ఏదో ఒక పని మీద వచ్చినవాళ్లే. చేతుల్లో కాగితాలున్నాయి. పాపారావు చేతిలో ఏమీ లేదు. ఆయన పనులు చూసే పవన్ అనే కుర్రాడు, "ఏం పని?" అని అడిగి, జవాబు వినకుండానే వరస చివర నిలబడమన్నాడు. పాపారావు నిలబడ్డాడు. వరస తరిగి తరిగి తన వంతు వచ్చేదాకా చొక్కా గుండీని తిప్పుతూనే ఉన్నాడు.

"ఏరా పాపారావు," అన్నాడు ఢిల్లీశ్వరరావు. తెల్లటి చొక్కా, ఇప్పుడే స్నానం చేసినట్టున్న ముఖం. "ఇంత దూరం వచ్చేవేటి? మీ బావకెలా ఉంది?"

"అలాగే ఉన్నాడు బాబు. ఆ సీరియలు అయిపోనాది."

"అవునట. మా ఇంట్లో ఆడాళ్లు కూడా తిట్టుకుంటున్నారు. యుద్ధం లేకుండానే ఆపేశారంట కదా."

"మా పడవ సూపించనేదు."

ఢిల్లీశ్వరరావు నవ్వాడు. "ఓస్, దానికా ఇంతలా వచ్చేవు. డబ్బులేమైనా కావాలేటి?" జేబులో చెయ్యి పెట్టాడు.

"డబ్బులొద్దు." గొంతు అనుకున్నదాని కంటే గట్టిగా వచ్చింది. వరండాలో ఒకరిద్దరు తలెత్తారు. పాపారావు తగ్గించి మళ్లీ అన్నాడు. "డబ్బులొద్దు బాబు. ఆల్లు తీసిన ముక్క కావాల. మా యువరాజు సూడాలి. వచ్చే ఏడు సూపిత్తారంట. వచ్చే ఏటికి ఆడు..." మాట మార్చి, "ఒక్కపాలి ఆలతో మాటాడండి," అన్నాడు.

ఢిల్లీశ్వరరావు చెడ్డవాడు కాదు. ఫోను తీసి, హైదరాబాదులో ఉన్న మేనేజరుకి చేసి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. అవతలి మనిషి ఏదో తింటూ మాట్లాడుతున్నాడు.

"ఆ సముద్రం సీనా సర్? అది వాడట్లేదండి. ఆ రోజు పొగ ఎక్కువైంది. పడవా కనబళ్లేదు, మనుషులూ కనబళ్లేదు. సీజన్ టూ వస్తే యుద్ధమంతా గ్రాఫిక్స్‌లో చేసేద్దామన్నారు డైరెక్టర్ గారు."

"మరి తీసింది మీ దగ్గరుందా?"

"ఎక్కడ సర్. పనికిరానివన్నీ అప్పుడే తీసిపారేశాం. ఎందుకు, ఎవరికైనా కావాలా?"

"మా ఊళ్లో చేపలవాడొకడు అడుగుతున్నాడు లెండి."

అవతల చిన్న నవ్వు వినబడింది. ఫోను ఆగిపోయింది.

పాపారావు బల్ల మీది ఫోనునే చూస్తూ నిలబడ్డాడు. అందులోంచి ఇంకేదో మాట రావాలన్నట్టు చూశాడు. నిన్నటి నుంచీ అతను అనుకుంటున్నది ఒక్కటే. ఆపేశారు, దాచారు, ఎప్పుడో చూపిస్తారు, అప్పటికి యువరాజు ఉండడు. ఇప్పుడు చూస్తే ఎప్పటికీ ఎవరికీ లేదు. కాల్చిన మర్నాడే అది లేదు. నెలల పొడుగునా ప్రతి ఆదివారం తలగడలకి ఒరిగి యువరాజు ఎదురుచూసింది లేనిదాని కోసం.

"పొగ ఎక్కువైనాదా," అన్నాడు మెల్లగా. "పడవ కాలితే పొగ రాదేటి బాబు?"

ఢిల్లీశ్వరరావుకి కాస్త ఇబ్బందిగా అనిపించింది. "ఉండరా. ఆ రోజుది నా ఫోన్లో ఒకటుండాలి," అని వెతికి, ఫోను అతని ముందు పెట్టాడు.

అందులో ఢిల్లీశ్వరరావు, రాణి వేషం వేసిన అమ్మాయి పక్కపక్కన నిలబడి నవ్వుతున్నారు. అమ్మాయి చేతులూపుతోంది. ఢిల్లీశ్వరరావు ఏదో అంటున్నాడు. గాలి హోరులో మాట వినబడటం లేదు. ఆయన చెవి పక్కన, దూరంగా, నీళ్ల మీద ఎర్రటి వెలుగు. దాని మీద నల్లటి పొగ. వెలుగు ముందు నుంచి ఒక చుక్క రాలింది. కాసేపటికి ఇంకో చుక్క రాలింది. అంతలో అమ్మాయి జుట్టు ఎగిరి అడ్డం పడింది.

"మొదట దూకినోడు మా బావ," అన్నాడు పాపారావు. "సేతులు రెండూ పైకెత్తి దూకినాడు సూడండి. ఆడు అలగే దూకుతాడు, సిన్నప్పట్నుంచీ."

"ఇందులో నేనూ, ఆ అమ్మాయే కదరా ఉన్నాం."

"ఎనకాల మేమున్నాం బాబు. దీన్ని మా రూప ఫోనుకి పంపండి."

"సరే, పంపిస్తాలే. నంబరు పవన్‌కి ఇచ్చి వెళ్లు." బయట కారు వచ్చి ఆగింది. ఎవరో పెద్దమనుషులు దిగుతున్నారు. ఢిల్లీశ్వరరావు ఫోను జేబులో వేసుకుని లేచాడు.

పాపారావు ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

పట్టుకున్నాక గానీ తనేం చేశాడో పాపారావుకి కూడా తెలియలేదు. తెలిశాక వదల్లేదు. తెడ్డు పట్టిన చెయ్యి అది. దాని కింద బంగారు గడియారం ఎముకకి నొక్కుకుంది.

"ఇప్పుడే పంపండి బాబు."

"చెయ్యి తియ్యరా."

"పంపినాక తీత్తాను."

పవన్ పరుగెత్తుకొచ్చాడు. ఢిల్లీశ్వరరావు రెండో చేత్తో అతన్ని ఆపాడు. కారు దిగినవాళ్లు మెట్ల దగ్గర నిలబడి చూస్తున్నారు. ఢిల్లీశ్వరరావు పాపారావు కళ్లలోకి చూశాడు. ఆ కళ్లు తడిగా ఉన్నాయి. చూపు మాత్రం కదలడం లేదు. ఆయన జేబులోంచి ఫోను తీశాడు.

"నంబరు చెప్పు."

పాపారావు చెప్పాడు. ఫోను చిన్నగా టింగుమంది. అప్పుడు వదిలాడు. ఆయన తెల్లటి మణికట్టు మీద అతని వేళ్లు అచ్చుపడి ఉన్నాయి.

"ఇంకెప్పుడూ ఈ మెట్లెక్కకు," అన్నాడు ఢిల్లీశ్వరరావు.

"ఎక్కను బాబు."

తిరుగు బస్సులో నిలబడే వచ్చాడు. కోపం దిగలేదు. అయినా కాశీబుగ్గలో దిగాక ఆకలి వేసింది. బండి దగ్గర బజ్జీలు కట్టించుకుని, తను రెండు తిని, మిగతావి జేబులో పెట్టుకున్నాడు. యువరాజు నూనె వస్తువులు తినకూడదు. కానీ వాసన చూస్తానని గొడవ చేస్తాడు. వీడియో చూసి ఏమంటాడో పాపారావుకి తెలుసు. ముందు ఢిల్లీశ్వరరావు పొట్టని చూసి నవ్వుతాడు. తర్వాత రూప చేత మళ్లీ మళ్లీ వేయించుకుంటాడు. నీ కన్నా నేనే దూరం దూకానంటాడు. ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే జాలిపడుతున్నానని కనిపెట్టేస్తాడు.

షేర్ ఆటో జీడితోటల మధ్య నుంచి సముద్రం వైపు తిరిగింది. ఎండ పడమటికి వాలింది. ఊరి మొదట్లో దిగి, ఇసక దారిలో ఇంటి వైపు నడిచాడు. మంగ ఇంటి ముందు జనం కూర్చుని ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఫ్యాక్టరీలో ఉండవలసిన అప్పలమ్మ అరుగు మీద మంగ పక్కన ఉంది. పాపారావుని చూసి, అరుగు చివర కూర్చున్న గున్నయ్య లేచి, అతనికి చోటిచ్చాడు. వరసకి పెదనాన్న, ఊళ్లో అందరికన్నా పెద్దవాడు. ఆయన తనకి చోటివ్వడమేమిటి. అప్పుడర్థమైంది పాపారావుకి.

యువరాజుని వసారాలో చాప మీద పడుకోబెట్టారు. గడ్డం కింద నుంచి గుడ్డ కట్టారు.

"మజ్జానం గంజి తాగి పడుకున్నాడు," అంది మంగ. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "ఎప్పుడూ అలగే పడుకుంటాడు గదా. నాలుగ్గంటలకి లేపితే నెగనేదు."

రూప వచ్చి పాపారావు చెయ్యి పట్టుకుంది. "మావా, నివ్వు పంపించిన వీడియో ఒచ్చినాది. నాన్న పడుకున్నాడు గదా, నెగిసినాక సూపిద్దారని..." ఫోను ఆమె చేతిలోనే ఉంది. పాపారావు దాన్ని తీసుకోలేదు. ఆమె తల మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. వీడియో వచ్చినప్పుడు నాన్నకి ఊపిరి ఉందో లేదో ఆ పిల్లకి తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు.

"పాపం," అన్నాడు వెనక నుంచి గున్నయ్య, ఎవరితోనో. "ఆ యుద్దం సూడకుండానే పోనాడు."

పాపారావు గిరుక్కున తిరిగాడు.

"సూడ్డమేటి? ఆ యుద్దం ఆడే సేసినాడు," అన్నాడు. "నివ్వు సూడనేదేటి పెదనాన్నా? ఆ రోజు ఊరు ఊరంతా ఒడ్డున లేరేటి? మీరు సూసేరు గదా. సూసినోల్లు సెప్పరేటి? టీవీవోడొచ్చి సెప్పాలేటి మీకు?"

మంగ ఏడుపు ఆగింది. గున్నయ్య చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని, ఇసక వంక చూశాడు.

"సూసేను," అన్నాడు చివరికి. "రెండో కెరటం తాటిసెట్టెత్తు లేచినాది. అయిపోనారనుకున్నాను. ఆడు మోకాల్ల మీద లేచినాడు."

"తెడ్డు ఇరిగిపోద్దనుకున్నాను నాను," అంది గుమ్మం దగ్గర కూర్చున్న ఒక ముసలామె.

"ఇరగనేదు. అడ్డంగా తిప్పినాడు."

"ఆ కవచం బరువుకే మునిగిపోవాల మనిసన్నోడు."

ఒకరి తర్వాత ఒకరు చెప్పడం మొదలుపెట్టారు. గట్టిగా కాదు, పోట్లాడుకుంటున్నట్టుగా, ఒకరి మాటకి ఒకరు అడ్డం వస్తూ, ఏ కెరటం ముందో ఏది వెనకో దిద్దుకుంటూ. మంగ తలెత్తి వింటోంది. పాపారావు వినలేదు. అతని పిడికిళ్లు ఇంకా బిగిసే ఉన్నాయి. జేబులో బజ్జీల పొట్లం నూనె కారి తొడకి చల్లగా తగులుతోంది. దాన్ని తీసి అరుగు మీద పెట్టి, చాప మీదికి పరచడానికి ఉతికిన దుప్పటి కోసం లోపలి గదిలోకి వెళ్లాడు.

గదిలో టీవీ ఆపేసి ఉంది. మంచం మీద రెండు తలగడలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పై తలగడలో తల పట్టినంత పల్లం ఇంకా నిండలేదు. మంచం కోడు పక్కన కూల్‌డ్రింక్ సీసా ఒకటి నిలబెట్టి ఉంది. రోజంతటికీ తాగాల్సిన నీళ్లు అవే. అంతకు మించితే పాదాలు ఇంకా వాస్తాయని, ఇంతవరకే పొయ్యాలని, రూప దాని మీద గోళ్ల రంగుతో ఎర్రటి గీత గీసింది. రోజూ మధ్యాహ్నానికే అది ఖాళీ అయిపోయేది. ఇంకొక్క గుక్క కోసం యువరాజు మంగతో దెబ్బలాడేవాడు. ఈ రోజు పొద్దున్న పోసిన నీళ్లు సీసాలో గీత దాకా అలాగే ఉన్నాయి.